మామయ్య ముఖం మీద వేలు

ఫోన్ల గురించి నాకు తెలిసినంత మా చుట్టాల్లో ఎవరికీ తెలియదని చాలాకాలం నాకో నమ్మకం ఉండేది. తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఎవరి ఫోను మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. బాగుచేసి ఇచ్చేటప్పుడు నాలుగు చీవాట్లు కూడా కలిపి ఇచ్చేదాన్ని. అంత తెలిసిన నేను చేసిన పనికి, రేపల్లెలో మా అత్తయ్య, పోయిన మామయ్య మాట్లాడుతున్న వీడియోని ఎనిమిది నెలలపాటు మాట వినపడకుండానే చూసింది.

ఆ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మొదట్లో మాకు ఫోన్లో వీడియో అంటే నెట్‌లో చూసేది కాదు. తెనాలి స్టేషను దగ్గర చిన్న కొట్టులో మెమరీ కార్డు ఇచ్చి, వేలిగోరంత ఆ ముక్కలోకి పాటలు ఎక్కించుకుని తెచ్చుకునేది. బటన్ల ఫోను, అగ్గిపెట్టెంత తెర. అందులో హీరో ఎవరో హీరోయిన్ ఎవరో బట్టల రంగుని బట్టి గుర్తుపట్టాలి. అయినా ఎంత ఇష్టంగా చూశామో. ఆదివారాలు నేను రేపల్లె పాసింజర్ ఎక్కి అత్తయ్యగారింటికి వెళ్ళేదాన్ని. ఎదుటి సీట్లో ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల "అక్కా, ఆ పాట నాకు పంపవా" అనేది. రెండు ఫోన్లూ సీటు మీద పక్కపక్కన పెట్టి బ్లూటూత్ కలిపేవాళ్ళం. వేమూరులో మొదలుపెడితే భట్టిప్రోలు వచ్చేసరికి ఒక పాట అవతలికి చేరేది. ఈలోగా వాళ్ళ ఇంటి సంగతులన్నీ నాకు, మా ఇంటి సంగతులన్నీ వాళ్ళకి తెలిసిపోయేవి. ఇప్పుడు అదే రైల్లో ఎవరి చెవుల్లో వాళ్ళు బిరడాలు పెట్టుకుని కూర్చుంటున్నాం. నేనూ అంతే.

తర్వాత టచ్ ఫోన్లు వచ్చాయి. వాటితోపాటు నాకూ బావకూ పోట్లాట వచ్చింది. బావంటే ఈ అత్తయ్య కొడుకు. ఇప్పుడు బాపట్లలో మందుల షాపు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఎవరో స్నేహితుడు వాడి వదిలేసిన ఐఫోను కొని, దాన్ని జేబులో కాక చేతిలోనే పట్టుకు తిరిగేవాడు. నాది ఆండ్రాయిడ్. అప్పట్లో నెట్‌లో వీడియోలు చాలావరకు ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేరు మీద నడిచేవి. ఐఫోను ఆ ఫ్లాష్‌ని గడప తొక్కనిచ్చేది కాదు. వీడియో ఉండాల్సిన చోట బావకి ఖాళీ గడి కనిపించేది. నా ఫోన్లో ఆడేది. ఆడేదంటే ఆగి ఆగి ఆడేది. పది నిమిషాలకి ఫోను వెనకభాగం కాలిపోయేది, చార్జింగు కళ్ళముందే కరిగిపోయేది.

"అది ఫోనా, ఇస్త్రీపెట్టా మరదలా? చీర మీద పెట్టుకోకు, మాడుతుంది" అనేవాడు బావ.

"నాది కనీసం వేడెక్కుతుంది. నీదానిలో ఏముంది, ఖాళీ పలక" అనేదాన్ని.

"ఖాళీగా ఉన్నా మర్యాదగా ఉంటుంది. అడ్డమైనదాన్నీ లోపలికి రానివ్వదు."

"ఆడలేక మద్దెల ఓడని, నీలాంటివాళ్ళని చూసే అన్నారు బావా."

ఇలా ఎన్ని ఆదివారాలు గడిచాయో చెప్పలేను. మామయ్య పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు. ఆయన లెక్కల మాస్టారు. ముప్ఫై ఏళ్ళు రేపల్లె నుంచి బాపట్ల బస్సులో వెళ్ళి అక్కడి హైస్కూల్లో పాఠం చెప్పి వచ్చిన మనిషి. అత్తయ్య రేపల్లెలోనే మూడో తరగతి టీచరు. ఆయన బయట ఎక్కడైనా భార్య గురించి చెప్పాల్సి వస్తే "మా టీచరుగారు" అనేవాడు. ఆవిడ ఆయన్ని "మాస్టారు" అనేది. ఆ మాటల్లో ఎంత ప్రేమ ఉండేదో, పంతం కూడా అంతే ఉండేది. ఇద్దరూ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మాటా మాటా వస్తే ఎవరూ తగ్గేవాళ్ళు కాదు, మర్నాడు ఎవరూ ఆ ఊసు ఎత్తేవాళ్ళూ కాదు. అడగకపోవడం ఆ ఇంటి మర్యాద. నాకూ అదే అబ్బింది.

మామయ్య రిటైరైన రెండేళ్ళకి బాపట్ల స్కూలు వాళ్ళు వార్షికోత్సవానికి పాత మాస్టార్లందర్నీ భార్యలతో సహా పిలిచారు. సన్మానం, శాలువా, మాట్లాడటానికి తలా పది నిమిషాలు. అత్తయ్య వారం ముందు నుంచే చీర తీసి పెట్టుకుంది. ఆ రోజు పొద్దున్న ఆయనకి ఇష్టమని ముందురోజు చేసిన బొమ్మిడాయి చేపల పులుసు చద్దన్నంలో వేసింది. రెండో ముద్దకి మామయ్య "ఉప్పు కాస్త ముందుకెళ్ళినట్టుందే" అన్నాడు. అంతే. వారం రోజులుగా ఆయన చొక్కా, పంచె, తన చీర, చేసుకు వెళ్ళాల్సిన అప్పాలు అన్నీ ఒంటిచేత్తో చూసుకున్న మనిషికి ఆ మాట ఎక్కడ తగిలిందో తగిలింది. "అయితే ఉప్పు సరిగ్గా వేసేవాళ్ళని తీసుకెళ్ళండి" అని చీర మళ్ళీ బీరువాలో పెట్టేసింది. ఆయన బతిమాలలేదు. ఒక్కడే బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం శాలువాతో తిరిగొచ్చాడు. సభ ఎలా జరిగిందని ఆవిడ అడగలేదు. ఆయన చెప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత బస్టాండులో ఆయనతో పనిచేసిన పాత మాస్టారొకాయన కదులుతున్న బస్సు కిటికీలోంచి అత్తయ్యని చూసి, "మీరు రాలేదేంటండీ? మాస్టారు స్టేజీ మీద మిమ్మల్ని తలుచుకుంటే హాలంతా ఒకటే నవ్వు" అని కేకేసి వెళ్ళిపోయాడు. ఆ ముక్క అత్తయ్య మనసులో ముల్లులా దిగిపోయింది. అంతమందిలో నన్ను ఏమని నవ్వించారు? ఉప్పు వెయ్యడం రాని మనిషనా? అలిగి కూర్చున్న గయ్యాళి అనా? నాతో మాత్రం ఒక్కసారి అంది. ఆయనతో అనలేదు.

ఆ సభని పాత విద్యార్థి ఒకాయన కెమెరాతో తీసి, ఎవరి ప్రసంగం వాళ్ళది విడదీసి, స్కూలు పేరుతో ఒక వెబ్‌సైటు చేసి అందులో పెట్టాడు. అప్పుడు బావ గుంటూరులో పనిచేస్తున్నాడు, సభకి రాలేదు. సంగతి తెలియగానే ఒక ఆదివారం తన ఐఫోను తనూ, నా ఆండ్రాయిడ్ నేనూ పట్టుకుని రేపల్లె మీద పడ్డాం. ముందు బావ తెరిచాడు. ఖాళీ గడి. నేను ఎగతాళిగా ఒక చూపు చూసి నా ఫోను తీశాను. వాళ్ళ మేడమీద వాటాలో సిగ్నలు వచ్చేది ఒక్క మెట్ల మలుపులోనే. అందరం మెట్ల మీద నిలబడ్డాం. గుండ్రంగా చక్రం తిరుగుతోంది. మామయ్య తెర మీదికొచ్చి మైకు సర్దుకుని "అందరికీ" అన్నాడు. చక్రం తిరిగింది. మళ్ళీ "అందరికీ" అన్నాడు. ఫోను ఆరిపోయింది.

అసలు మామయ్య పై మెట్టు మీద నిలబడి పెద్దగా నవ్వాడు. "ఎందుకర్రా ఈ అవస్థ? అందులో మాట్లాడింది నేనేగా. కావాలంటే నన్నే అడగండి."

వంటింటి గుమ్మంలో అత్తయ్య చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆయన ఆ మాట అన్నాక ఒక్క క్షణం ఆగింది. ఎవరైనా అడుగుతారేమో అని చూసింది కాబోలు. నేనూ బావా అప్పటికే తప్పు ఫోనుదా నెట్‌దా అని కొట్టుకుంటున్నాం. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. మనిషి ఎదురుగా ఉన్నాడు, అడగమంటున్నాడు, మేం అడగలేదు. ఇప్పటికీ ఆ మెట్లు గుర్తొస్తే నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

మరో రెండేళ్ళకి మామయ్య పోయాడు. గుండెపోటు, ఒక్క పూటలో అయిపోయింది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, కుర్చీలు మడత పెడుతున్న సందడిలో అత్తయ్య నా పక్కకొచ్చి, "ఆ బాపట్ల వీడియో ఇప్పుడు వస్తుందేమో చూడవే" అంది. వెంటనే చూశాను. రాలేదు. అప్పటికి ఆండ్రాయిడ్ కూడా ఫ్లాష్‌కి సెలవిచ్చేసింది. నా కొత్త ఫోన్లోనూ బావ ఫోన్లో కనిపించిన ఖాళీ గడే. బావ "నీ గొప్ప కూడా అయిపోయిందిగా" అనబోయి, వాళ్ళమ్మ ముఖం చూసి ఊరుకున్నాడు. కొన్నాళ్ళకి ఆ వెబ్‌సైటే తెరుచుకోవడం మానేసింది. అత్తయ్య ఏడాదికి ఒకసారి అడిగేది. నేను లేదనేదాన్ని. లేదన్నప్పుడల్లా "సర్లేవే" అనేది.

పోయినేడు స్కూలు పాత విద్యార్థులు కొందరు పూనుకుని ఆ వెబ్‌సైటుని కొత్తగా కట్టారు. వీడియోలన్నీ ఇప్పటి ఫోన్లకి సరిపడేలా మార్చి పెట్టారు. కాలేజీ ల్యాబులో ఖాళీగా ఉన్నప్పుడు ఎందుకో వెతికితే దొరికింది. పేజీ తెరవగానే మామయ్య దానంతటదే కదలడం మొదలుపెట్టాడు. తెల్ల చొక్కా, భుజం మీద శాలువా, మైకు సర్దుకునే ఆ వేళ్ళు. మా ల్యాబు కంప్యూటర్లకి స్పీకర్లు లేవు. ఉన్నా నేను వినేదాన్ని కాదు. ఆయన ఏమన్నాడో ముందు అత్తయ్య వినాలి అనుకున్నాను. ఏడుపొచ్చి, పిల్లలు చూస్తారని స్టాఫ్ రూముకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

ఆ ఆదివారమే రేపల్లె వెళ్ళాను. అత్తయ్య ఏ ఫోనులో చూడాలన్న దగ్గర బావతో మళ్ళీ యుద్ధం. నేను నా పాత ఆండ్రాయిడ్ తీసుకెళ్ళాను. తను మార్చేసిన పాత ఐఫోను ఇస్తానన్నాడు. అందులో వీడియో నొక్కగానే తెరంతా ఆక్రమించి, వెనక్కి ఎలా రావాలో తెలియక పెద్దవాళ్ళు కంగారు పడతారని నేను. అది ఒకప్పటి మాట, ఇప్పుడు పేజీలోనే బుద్ధిగా ఆడుతుందని తను. ఆండ్రాయిడ్ అయితే డేటా పొదుపు అని పెట్టుకుని మొదలే అవ్వదని తను. చార్జింగు తగ్గితే ఐఫోనూ అదే పని చేస్తుందని నేను. అత్తయ్య రెండూ చేతిసంచిలో పెట్టి చూసింది. బావ ఫోను చర్చి పాటల పుస్తకం పక్కన సరిగ్గా పట్టింది. అది ఉంచుకుంది.

తెర మీద మామయ్య పేజీకి ఒక గుర్తు పెట్టిచ్చాను. "ఇది నొక్కు చాలు అత్తయ్యా, దానంతటదే మొదలవుతుంది. ఇంకేదీ ముట్టుకోకు, ముట్టుకుంటే ఇంకెక్కడికో పోతుంది" అన్నాను. ఒకసారి నొక్కి చూపించాను. మామయ్య కదిలాడు. కింద వాటాలో ఓణీల ఫంక్షను, మైకులో పాటలతో ఇల్లు అదిరిపోతోంది. నా రైలుకి టైమైంది. ఆవిడ ఆయన్ని చూస్తూ కూర్చుంది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత ఫోన్లో మాట్లాడినప్పుడల్లా "ఇవాళ కూడా చూశానే" అనేది. "ఆ చొక్కా నేనే గంజి పెట్టాను, ఎంత తెల్లగా ఉందో చూశావా" అనేది. ఏం మాట్లాడారో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకోలేని మాటే అయ్యుంటుందని, పాత మాస్టారు అన్నట్టు నిజంగానే నవ్వులపాలు చేశాడేమోనని నేను భయపడ్డాను. అడిగి పుండు కెలకడం ఎందుకని నేనూ వినకుండా, అడగకుండా ఊరుకున్నాను. మర్యాద అన్నానుగా, అదీ దాని సంగతి.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి భోజనం చేశాం. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. అత్తయ్య బల్ల దగ్గర స్టీలు గ్లాసుకి ఫోను ఆనించి కూర్చుంది. కాసేపటికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించి తొంగిచూశాను. తెర మీద మామయ్య చేతులు ఊపుతూ మాట్లాడుతున్నాడు. చప్పుడు లేదు.

"సౌండ్ పెట్టుకోలేదేంటి అత్తయ్యా?"

"సౌండ్ ఏంటే? ఇందులో సౌండ్ లేదుగా. పాతది కదా, పోయిందేమో అనుకున్నాను."

గిన్నె గట్టు మీద పెట్టేశాను. "లేదని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఏదీ ముట్టుకోవద్దని నువ్వేగా అన్నావు."

నా తప్పు ఒప్పుకోవడం నాకంత తేలిక కాదు. అందుకని ముందు బావకి ఫోన్ చేసి, "నీ దిక్కుమాలిన ఐఫోను మీ నాన్న మాట మింగేసింది, తెలుసా?" అని విరుచుకుపడ్డాను. బావ నిదానంగా, "ముందు నీదానిలో తెరిచి చూడు" అన్నాడు. తెరిచాను. నా ఆండ్రాయిడ్‌లోనూ మామయ్య మూగగానే మొదలయ్యాడు. అప్పుడు గుర్తొచ్చింది. పేజీలో దానంతటదే మొదలయ్యే వీడియోని ఏ ఫోనైనా మాట లేకుండానే మొదలుపెడుతుంది. మనిషి వేలు తగిలితేనే గొంతు విప్పుతుంది. పక్కవాళ్ళకి ఇబ్బంది కలగకూడదని పెట్టిన నియమం. ఈ ముక్క ల్యాబులో పిల్లలకి చెప్పేదాన్ని నేనే. పదేళ్ళు పోట్లాడుకున్న రెండు ఫోన్లూ ఈ ఒక్కదాంట్లో దొందూ దొందే.

"నువ్వు వినలేదా బావా ఇన్నాళ్ళూ?" అన్నాను.

"సౌండ్ పెట్టి రెండు నిమిషాలు విన్నాను. నాన్న గొంతు కదా. అక్కడితో ఆపేశాను. మళ్ళీ తెరవలేదు" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

అత్తయ్య పక్కన కూర్చుని, "వీడియో మీద ఒక్కసారి వేలు పెడితే మూలన స్పీకరు బొమ్మ వస్తుంది. ఎన్నిసార్లో చూశావు, పొరపాటునైనా నీ వేలు తగల్లేదా?" అన్నాను.

"ముఖం మీద వేలు పెడతామటే పెద్దవాళ్ళకి?" అంది. "తెరంతా ఆయన ముఖమేగా. ఆరిపోతే పక్కనున్న బటను నొక్కుకునేదాన్ని."

గోడమీద మామయ్య ఫొటో వైపు చూశాను. దాన్ని తుడిచేటప్పుడు కూడా ఆవిడ చట్రం అంచులే పట్టుకుంటుందని అప్పుడు తట్టింది. తర్వాత ఆవిడ వేలు తెరకి తగలకుండా, కాస్త దూరంలో ఆపి చూపించింది. "ఇదిగో, ఇంకాసేపట్లో వస్తుంది చూడు. ఇక్కడ ఆగి, తల గోక్కుంటారు. ఏదో అంటారు. ముందు వరసలో అందరూ పడీపడీ నవ్వుతారు. అది నా గురించే. పెదవులు చూసి పోల్చుకుందామని ఎంత చూసినా అర్థం కాలేదు." ఎనిమిది నెలలపాటు రోజూ ఈవిడ చేసింది ఇదన్నమాట.

"పెట్టనా?" అన్నాను.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. లేచి మంచినీళ్ళు తాగింది. వీధి తలుపు దగ్గరగా వేసింది. వచ్చి కూర్చుని, జుట్టు సర్దుకుని, "పెట్టు. మూలనే నొక్కు, కళ్ళమీద కాదు" అంది.

అంచున నొక్కాను. స్పీకరు బొమ్మ వచ్చింది. దాన్నీ నొక్కాను.

గదిలోకి మామయ్య గొంతు వచ్చింది. ఆ జీర, మాటకి ముందు చిన్న దగ్గు. అత్తయ్య బల్ల అంచు పట్టుకుంది. బోర్డు గురించి, తొమ్మిదో తరగతి బి సెక్షను గురించి ఏవో చెప్పాడు. తర్వాత ఆగి తల గోక్కున్నాడు.

"ముప్ఫై ఏళ్ళు మీ లెక్కలు దిద్దాను. ఇవాళ పొద్దున్న ఇంట్లో నేనే ఒక లెక్క తప్పు చేసొచ్చానండి. మా టీచరుగారు వండిన పులుసులో ఉప్పు ఎక్కువైందన్నాను. అందుకని ఆవిడ రాలేదు. మీరంతా నన్నొక్కణ్ణే చూడాల్సి వచ్చింది." హాలంతా నవ్వు. ఆయన నవ్వలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, "బస్సులో ఆలోచించాను. ఉప్పు సరిగ్గానే ఉంది. నా నాలుకే బాగాలేదు. ఈ శాలువాలో సగం ఆవిడది. ఇంటికెళ్ళి ఈ మాట ఒప్పుకోవాలి, అదే కష్టం" అన్నాడు. మళ్ళీ నవ్వు. చప్పట్లు.

ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి శాలువా కుర్చీ మీద వేసి పేపరు చదువుకున్నాడు. "నన్నే అడగండి" అన్నప్పుడు కూడా, ఎవరైనా అడిగితే చెప్పేద్దామనే అన్నాడేమో.

వీడియో అయిపోయింది.  అత్తయ్య చూపుడువేలు చెంగుకి తుడుచుకుంది. రెండుసార్లు తుడుచుకుంది. మామయ్య ముఖం మీద మెల్లగా ఆ వేలు ఆనించింది. ఆయన మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆవిడ వింటూ కూర్చుంది. ఉప్పు సరిగ్గానే ఉందన్న చోటుకి వచ్చేసరికి తల అడ్డంగా ఊపింది.

"ఎక్కువే అయిందే ఆ రోజు" అంది నాతో. "ఆయన బస్సెక్కి వెళ్ళాక నేనూ తిన్నానుగా. రెండో ముద్ద మింగలేక పారబోశాను."